తిమింగలం బక్కచిక్కిందా లేదా అన్నది పైనుంచి ఫోటో తీసి తేల్చొచ్చా?

పెన్నా గట్టు (అనంతపురం)
గ్రే తిమింగలాల మీద ఒక వీడియో చూశాను. 2019 నుంచి 2023 దాకా ఉత్తర అమెరికా పడమటి తీరంలో, మెక్సికో మొదలు అలాస్కా వరకు, 690 తిమింగలాలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. 2016లో 27 వేల దాకా ఉన్న మంద 2023 నాటికి 14,500 దగ్గరికి పడిపోయింది. ఆర్కిటిక్ వైపు తిండి సరిగ్గా దొరక్క చిక్కిపోవడమే ముఖ్య కారణమని అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా తేల్చింది. ఇంతవరకు పేచీ లేదు. బతికున్న వాటిని మాత్రం డ్రోన్‌తో పైనుంచి ఫోటో తీసి, వెడల్పు కొలిచి, ‘ఇది చిక్కింది, ఇది బాగుంది’ అంటున్నారు. సగం నీళ్ళలో ఉండే పన్నెండు మీటర్ల జంతువుకు దీన్ని కొలత అనొచ్చా, లేక పెద్ద కెమెరాతో చేసే కంటి అంచనానా? తెలిసినవాళ్ళు చెప్పండి.

మంద వెనకాల (కళ్యాణదుర్గం)
అంచనానే, సందేహమెందుకప్పా? సంతలో గొర్రెను ఎవడైనా చూసి కొంటాడా? చెయ్యి వేస్తాడు. చివరి పక్కటెముక దాటినాక నడుం మీద చెయ్యి ఆనించి, బొటనవేలు వెన్నుపూస మీద పెట్టి, మిగతా వేళ్ళు పక్కకు పొడుచుకొచ్చిన ఎముకల కిందికి పోనిచ్చి నొక్కుతాం. ఎముక కొస వేలికి గుచ్చుకుందంటే మేత లేదని లెక్క. గట్టిగా నొక్కితే గానీ ఎముక తగల్లేదంటే ఒళ్ళు చేసిందని. బళ్ళారి గొర్రెకు ఉన్ని కింద ఏముందో కంటికేం తెలుస్తుంది? ఇంక పొట్ట సంగతి సరేసరి. పొద్దున్నే ఉప్పు నాకించి, కడుపు నిండా నీళ్ళు తాపి సంతకు తోలుకొచ్చేవాళ్ళు ఎంతమంది లేరు! పైనుంచి చూస్తే అది బలిసిన గొర్రే. చేతికి దొరికే జీవం దగ్గరే కన్ను ఇంత మోసపోతుంటే, ముప్పై మీటర్ల ఎత్తు నుంచి ఏం తెలుస్తుంది?

పశువైద్యం మూడో ఏడు (ప్రొద్దుటూరు)
అన్నా, మీరు చెప్పిన నడుం పట్టి చూసే పద్ధతినే మాకు ఒకటి నుంచి ఐదు మార్కుల స్కేలుగా నేర్పుతారు. దాన్ని కాదనను. కానీ తిమింగలానికి ఉన్ని లేదు. నున్నటి ఒళ్ళు కాబట్టి కొవ్వు ఎక్కడ తగ్గితే అక్కడ ఆకారం మారిపోతుంది. గ్రే తిమింగలం చిక్కితే ముక్కు రంధ్రాల వెనక, మెడ దగ్గర గుంట పడుతుంది. ఇంకా చిక్కితే భుజం ఎముక అంచు తేలుతుంది, వెన్ను గట్టులాగా లేస్తుంది. డ్రోన్లు రాకముందే పడవల మీద నుంచి తీసిన ఫోటోల్లో ఇవే గుర్తులు చూసి మార్కులు వేసేవాళ్ళు.

కిల్లర్ వేల్స్ సంగతైతే ఇంకా స్పష్టం. వాటి కంటి వెనక తెల్ల మచ్చలుంటాయి కదా. తల వెనక కొవ్వు బాగా ఉన్నంతకాలం పైనుంచి చూస్తే ఆ రెండు మచ్చల వెనక కొసలు ఎడంగా ఉంటాయి. కొవ్వు కరిగేకొద్దీ అవి లోపలికి వంగుతాయి. అమెరికా, కెనడా సరిహద్దు సముద్రంలో 75 దాకా మాత్రమే మిగిలిన ఒక గుంపును ఇలాగే ఏళ్ళ తరబడి, ఒక్కోదాన్ని పేరుపేరునా కొలిచారు. ఒళ్ళు బాగా తగ్గిందని ఫోటోలో తేలినవి, ఒళ్ళున్న వాటికంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా చనిపోయే ప్రమాదంలో ఉన్నాయని లెక్క తేలింది. కంటి అంచనా అయితే చావును ముందే ఎలా పట్టిస్తుంది?

మంద వెనకాల
సరే చెల్లెమ్మా, మరి సూడిది వస్తే? వెడల్పు ఉంది కదా అని బలిసిందని రాసుకుంటారా?

పశువైద్యం మూడో ఏడు
మంచి ప్రశ్న. ఒకే చోట వెడల్పు కొలిస్తే ఆ పొరపాటు జరిగి తీరుతుంది. అందుకే తల నుంచి తోక దాకా పొడవును ఐదేసి శాతం ముక్కలుగా విడగొట్టి, ప్రతి చోటా వెడల్పు తీసుకుంటారు. సూడిదైతే ఉబ్బు నడి ఒంట్లో కనిపిస్తుంది, తల వెనక వెడల్పు దాంతో పెరగదు. కిల్లర్ వేల్స్‌లో ఏది సూడిదో చెప్పడానికి కూడా ఈ ఫోటోలే వాడుతున్నారు. మొదటి నెలల్లో మాత్రం తెలియదు, అది ఒప్పుకుంటాను.

ఎగిరే కెమెరా (కర్నూలు)
నేను ఓర్వకల్లు వైపు సోలార్ ప్యానెళ్ళ సర్వేలకు డ్రోన్ ఎగరేస్తుంటాను. తిమింగలాన్ని చూసింది లేదు, కానీ ఈ లెక్క మాది. ఫోటోలో ఉండేది పిక్సెళ్ళే, వాటిని మీటర్లు చేయాలంటే డ్రోన్ ఎంత ఎత్తులో ఉందో తెలియాలి. మామూలు డ్రోన్ గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెబుతుంది. ఎండ, గాలి మారితే అది తప్పుతుంది. ముప్పై మీటర్ల దగ్గర ఒక్క మీటరు తేడా వచ్చిందనుకోండి, కొలతలో 3 శాతం పైన తప్పు. పన్నెండు మీటర్ల తిమింగలం పొడవులో 40 సెంటీమీటర్లు గల్లంతు. అందుకే తిమింగలాల వాళ్ళు కిందికి లేజర్ కొట్టి ఎత్తు తీసే పరికరం బిగిస్తున్నారు. పొడవు తెలిసిన చెక్కను నీళ్ళ మీద వదిలి, దాన్ని కూడా ఫోటో తీసి సరిచూసుకుంటారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. వెడల్పును పొడవుతో భాగిస్తే ఎత్తు తప్పు రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. అంటే ‘ఎంత లావు’ అన్న నిష్పత్తి, ‘ఎంత పొడవు’ అన్న దానికంటే నమ్మదగింది. అదే ఘనపరిమాణం కట్టి బరువు చెప్పబోతే, 3 శాతం తప్పు మూడింతలై 10 శాతం అవుతుంది. టన్నుల్లో బరువు చెబితే నేనూ అనుమానంగానే చూస్తాను.

నిష్పత్తిని పాడుచేసేది ఎత్తు కాదు, వంపు. తిమింగలం మునగబోతూ వీపు వంచిందంటే పైనుంచి పొడవు తగ్గి కనిపిస్తుంది, దాంతో ఉన్నదానికంటే లావుగా లెక్క వస్తుంది. నీళ్ళు మురికిగా ఉంటే అంచు ఎక్కడో తెలియదు. వీడియోలో తిమింగలం ఒళ్ళు వంచకుండా, నీటి పైకి తేలి ఉన్న ఫ్రేములు ఏరుకుని మిగతావి పారేయాలి. ఎన్ని పారేశారో కూడా రాయకపోతే నేను నమ్మను.

ఒక్క వాన (ఉరవకొండ)
ఇక్కడ వేరుశనగ ఎండుతోంది, మీరు సముద్రంలో తిమింగలాల ఒళ్ళు చూస్తున్నారా? ఆకలైతే చిక్కుతాయి, ఇందులో చర్చ ఏముంది సామీ.

పెన్నా గట్టు
చిక్కుతాయని అందరికీ తెలుసన్నా. ఎంత చిక్కితే ప్రమాదమో, చచ్చి ఒడ్డుకు రాకముందే ఎలా తెలుసుకోవాలన్నదే గొడవ. పంట గోడు రైతు విభాగంలో పెట్టు, అందరం వస్తాం.

లెక్కల మాస్టారు (కడప)
డ్రోన్ బాబు చెప్పిన నిష్పత్తి లెక్క సరైనదే. నా అభ్యంతరం వేరు. నిష్పత్తి వచ్చింది, సరే. దేనితో పోల్చి తక్కువ అంటున్నారు? పెద్ద తిమింగలాలు ఏడాదిలో కొన్ని నెలలు చల్లటి సముద్రంలో తింటాయి, మిగతా నెలలు వెచ్చటి నీళ్ళకు వలసపోయి ఈని, దాదాపు ఉపవాసం ఉంటూ పిల్లకు పాలిస్తాయి. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో సదరన్ రైట్ తిమింగలాల తల్లులను సీజను పొడవునా డ్రోన్‌తో కొలిస్తే, సుమారు మూడు నెలల్లో ఘనపరిమాణం నాలుగో వంతు తగ్గింది. అది రోగం కాదు, కరువూ కాదు. పిల్లకు పాలిచ్చిన తల్లి సహజంగా తగ్గిన తీరు. అలాంటప్పుడు ఒక సముద్రంలో జూన్‌లో తీసిన ఫోటోను ఇంకో సముద్రంలో సెప్టెంబరులో తీసిన ఫోటో పక్కన పెట్టి ‘అక్కడ ఆకలి, ఇక్కడ బాగు’ అంటే నేను సున్నా మార్కులు వేస్తాను. కొలతలో తప్పుండదు, పోలికలో ఉంటుంది.

పశువైద్యం మూడో ఏడు
సార్, అందుకే అదే జంతువును మళ్ళీ మళ్ళీ కొలవడం. ఆరెగాన్ తీరంలో అక్కడి యూనివర్సిటీ వాళ్ళు చేస్తున్నది అదే. ఒంటి మీది మచ్చలను బట్టి ఒక్కో గ్రే తిమింగలాన్ని గుర్తుపట్టి, వేసవి మొదట్లో ఎంత ఉంది, తిని తిని చివరికి ఎంతైంది, పోయిన ఏడాది ఇదే నెలలో ఎంత ఉంది అని చూస్తారు. అది నీళ్ళలో వదిలిన పేడను కూడా వలతో పట్టి హార్మోన్లు పరీక్షిస్తారు. ఒంటి కొలత ఒక్కటే సాక్ష్యంగా ఎవరూ తీర్పు చెప్పడం లేదు.

ఎర్రమట్టి (బద్వేలు)
చేతికి దొరికితేనే కొలత అంటున్న మంద అన్నకు ఒక మాట. దొరకబుచ్చుకుని కొలిచిన వాళ్ళూ ఉన్నారు. జపాన్ 1987 నుంచి ‘పరిశోధన’ పేరుతో అంటార్కిటిక్‌లో మింకీ తిమింగలాలను వేల సంఖ్యలో చంపి, కోసి, చర్మం కింది కొవ్వు పొర మందం కొలిచింది. పద్దెనిమిది సీజన్ల లెక్కతో, మందం ఏటా 0.2 మిల్లీమీటర్లు తగ్గుతోందన్నారు. గొడవ తీరిందా? లేదు. ఆ తగ్గుదల నిజమా, లెక్క కట్టిన తీరువల్ల వచ్చిందా అని అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ శాస్త్రవేత్తలే ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. దాని తర్వాతి విడతగా అదే తీరున నడిపిన వేట కోర్టుకెక్కితే, 2014 మార్చి 31న అంతర్జాతీయ న్యాయస్థానం 12–4 తేడాతో, ఇచ్చిన పర్మిట్లు శాస్త్ర పరిశోధన కోసమని ఒప్పుకోలేమంది. 2019లో జపాన్ కమిషన్ నుంచే బయటికొచ్చి తన సముద్రంలో వ్యాపార వేట మొదలుపెట్టింది. కత్తి, స్కేలు రెండూ చేతిలో ఉన్నా తేలలేదు మరి.

మా లంకమల అడవి సంగతి చెప్పనా? లేదనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ దొరికితే, చేతికి చిక్కిన ఆ పక్షి బతకలేదు. ఆ తర్వాత మట్టి పరిచి అడుగుజాడలు చూసి, ఆటోమేటిక్ కెమెరాలు పెట్టి వెతికారు. అరుదైన జీవాన్ని ముట్టుకోకుండా తెలుసుకోవడం తక్కువ రకం పద్ధతి అని నేననుకోను.

మంద వెనకాల
నేను చంపమన్నానా అబ్బీ? చెయ్యి వెయ్యాలన్నాను. చంపకుండా ముట్టుకునే దారి లేదా అని అడుగుతున్నా.

పశువైద్యం మూడో ఏడు
ఉంది అన్నా, చేశారు కూడా. రైట్ తిమింగలాలు నెమ్మదిగా ఈదుతాయి. పడవలో దగ్గరికి పోయి, పొడవాటి గడ కొసన అల్ట్రాసౌండ్ పరికరం కట్టి, తిమింగలం నీటి పైకి వచ్చినప్పుడు దాని వీపుకు ఆనించి కొవ్వు పొర మందం తీశారు. మన పశువులకు స్కానింగ్ చేసినట్టే. కానీ వేగంగా ఈదే జాతులతో అది కుదిరే పని కాదు, పడవ తరుముతుంటే దానికి టెన్షన్. పైగా మందం ఒక్కటే చాలదు. పొర అంత మందంగానే ఉండి, లోపల కొవ్వు తగ్గి నీరు పెరగొచ్చు.

ఇంకో పద్ధతి నాకు బాగా నచ్చింది. రబ్బరు కప్పులతో వీపుకు అంటుకునే చిన్న యంత్రం పెడతారు. తిమింగలం లోతుకు దిగేటప్పుడు, పైకి వచ్చేటప్పుడు కొంతసేపు తోక ఆడించకుండా జారుతుంది. కొవ్వు నీటికంటే తేలిక కాబట్టి ఒళ్ళున్నది పైకి సులువుగా తేలుతుంది, దిగడానికి కష్టపడుతుంది. చిక్కినది దీనికి తిరుగు. ఆ జారుడు వేగం నుంచి ఒంటి సాంద్రత లెక్క కడతారు. ఇది లోపలి కొవ్వును కూడా పట్టిస్తుంది, ఫోటోకు ఆ శక్తి లేదు. కాకపోతే యంత్రం అంటించిన నాలుగైదింటికే తెలుస్తుంది. డ్రోన్‌తో ఒక్క రోజులో పదింటిని చూడొచ్చు.

మంద వెనకాల
ఇప్పుడు దారికొచ్చావు. పైనుంచి తీస్తే వెడల్పే కదా తెలిసేది. వెన్ను నుంచి పొట్ట దాకా లోతు? గొర్రె చిక్కితే మొదట నడుం మీద గుంట పడుతుంది, పక్కలు తర్వాత. ఇదీ వెడల్పు తగ్గకుండా లోతులో తగ్గితే మీ డ్రోన్‌కు ఏం కనపడుతుంది?

పశువైద్యం మూడో ఏడు
అర్జెంటీనా వల్దేస్ ద్వీపకల్పం దగ్గర నీళ్ళు తేటగా ఉంటాయి. అక్కడ రైట్ తిమింగలాలు పక్కకు దొర్లినప్పుడు కూడా ఫోటోలు తీసి, లోతుకూ వెడల్పుకూ నిష్పత్తి కట్టారు. ఆ ఆకారంతో ఘనపరిమాణం తీసి, పాతకాలం వేటలో తూచిన తిమింగలాల బరువులతో కలిపి బరువు సూత్రం తయారుచేశారు.

మంద వెనకాల
దొర్లని దాని సంగతి?

పశువైద్యం మూడో ఏడు
దొర్లిన వాటి సగటు నిష్పత్తే దానికీ పెట్టుకుంటారు.

లెక్కల మాస్టారు
అదిగో! బాగా చిక్కిన తిమింగలానికి, ఒళ్ళున్న తిమింగలానికి అదే నిష్పత్తి ఉంటుందని ఎవరు చెప్పారమ్మా? ఆ సగటు ఏ నెలలో, ఎన్ని దొర్లితే వచ్చిందో పట్టిక పెట్టు. చూశాక మాట్లాడతాను.

ఎగిరే కెమెరా
మాస్టారూ, టన్నుల లెక్కకైతే ఆ పట్టిక నాకూ కావాలి. కానీ పోయిన ఏడాదికంటే తల వెనక వెడల్పు తగ్గిందా లేదా అని చెప్పడానికి ఆ సగటుతో పనే లేదు.