నిన్న సాయంత్రం నుంచి కుందేలు ఏమీ తినట్లేదు, ఎండదెబ్బేనా?

కాజీపేట నాన్న:
అందరికీ నమస్తే. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో గుమాస్తాని. పరీక్షలు అయిపోయాక మా పాప పట్టుబట్టి రెండు కుందేళ్లు కొనిపించింది. తెల్లది పత్తి, నల్లది బొగ్గు. రోడ్డు పక్కన అమ్మినాయన రెండూ మగవే అన్నాడు, ఏం పెట్టినా తింటాయన్నాడు. క్యారెట్, క్యాబేజీ, మిగిలిన చపాతీ పెడుతున్నాం. రేకుల షెడ్డు కింద ఇనుప జాలీ పంజరంలో ఉంచాం. నిన్న సాయంత్రం నుంచి పత్తి ముడుచుకుని కూర్చుంది. క్యారెట్ మూతి దగ్గర పెడితే తల పక్కకు తిప్పుకుంటోంది. బయట 43 డిగ్రీలు. ఎండదెబ్బేనా? సాయంత్రం దాకా చూడొచ్చా? పాప కూడా తినకుండా పంజరం పక్కనే కూర్చుంది, టెన్షన్‌గా ఉంది.

హంటర్ రోడ్ తమ్ముడు:
ఎండకే అన్నా. చల్లనీళ్లతో స్నానం చేయించు, తేరుకుంటది. మా కుక్కకు అట్లనే చేస్తం.

వడ్డేపల్లి అక్క:
స్నానం వద్దు, వద్దంటే వద్దు. కుందేలు కుక్క కాదు. నీళ్లలో ముంచితే ఆ భయానికే ప్రాణం మీదకు వస్తుంది.

అన్నా, ముందు ఒక పని చేయండి. పంజరం కింద పెంటికలు ఉన్నాయా చూడండి. రాత్రి నుంచి ఒక్కటీ లేకపోతే సాయంత్రం దాకా ఆగకండి, ఇప్పుడే బయల్దేరండి. కుందేలు పేగులు నిరంతరం కదులుతూ ఉండాలి. అవి ఆగితే లోపల గ్యాస్ పట్టి, నొప్పికి తిండి మానేస్తుంది, తినకపోతే పేగు ఇంకా మొద్దుబారుతుంది. పన్నెండు గంటలు తినలేదంటే ఎమర్జెన్సీ కిందే లెక్క. దానికి వాంతి కూడా రాదు, లోపలికి పోయింది కిందికే పోవాలి. పొట్ట బిర్రుగా ఉబ్బి ఉంటే డాక్టరు చూసేదాకా నోట్లో ఏమీ పోయకండి.

ఇది పుస్తకం చదివి చెప్పట్లేదు. తొమ్మిదేళ్ల కింద నా మొదటి కుందేలు ఇలాగే కూర్చుంటే తెల్లారాక చూద్దాంలే అనుకున్నాను. తెల్లారింది, అది లేదు. నొప్పిని దాచిపెట్టడం దాని పుట్టుక గుణం. అడవిలో నీరసంగా కనిపిస్తే నక్కకు దొరికిపోతుంది కదా. నుదురు నిమురుతుంటే పళ్లు సన్నగా, ఎక్కడో కుట్టుమిషన్ తిరుగుతున్నట్టు వినిపిస్తే అది హాయి. ముడుచుకుని గట్టిగా కరకరమనిపిస్తే నొప్పి.

దారిలో చెవులకు తడిగుడ్డ అద్దండి చాలు, దాని వేడి చెవుల్లోంచే పోతుంది. కుందేళ్లు చూస్తారా అని ముందే ఫోన్ చేసి అడగండి, అందరూ చూడరు. దగ్గర్లో ఎవరూ లేకుంటే మామునూరు వెటర్నరీ కాలేజీలో కనుక్కోండి. చెవులు పట్టుకుని మాత్రం ఎత్తకండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒకటి పిర్రల కింద. గాల్లో కాళ్లు విదిలిస్తే దాని నడుము అదే విరగ్గొట్టుకుంటుంది.

కాజీపేట నాన్న:
పెంటికలు లేవు అక్కా. నాలుగే ఉన్నాయి, అవీ ఆవగింజలంత. పోతున్నాం.

కాజీపేట నాన్న (రాత్రి):
అక్కా, బతికింది. చర్మం కింద సెలైన్ ఎక్కించి, నొప్పి తగ్గడానికి ఇంజక్షన్ ఇచ్చారు. చపాతీ, క్యారెట్ తీపి వల్లే పేగు ఆగిందన్నారు. ఇంకో సంగతి, రెండూ మగవి కావట. పత్తి ఆడది! ఇప్పుడేం చేయాలి? గడ్డి అన్నారు, వరిగడ్డి సరిపోతుందా?

వడ్డేపల్లి అక్క:
నాకు ఆ అనుమానం మీరు రాసినప్పుడే వచ్చింది. ఈ రాత్రే వేరు చేయండి. నెల రోజులకు ఈనుతుంది, ఈనిన రోజే మళ్లీ కడుపు పట్టగలదు, దసరా నాటికి మీ ఇల్లు ఎనుమాముల మార్కెట్ అవుతుంది. బొగ్గుకి ఆపరేషన్ చేయించండి. చేయించాక కూడా కొన్ని వారాలు కలపకండి.

వరిగడ్డి పరుపుగా వేయండి, తిండికి దాంట్లో సత్తువ లేదు. గరిక కోసి నీడలో ఆరబెట్టండి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. తిండిలో 80 శాతం అదే ఉండాలి. పత్తి చేల గట్ల మీది గడ్డి మాత్రం వద్దు, గడ్డిమందు కొట్టి ఉంటారు. కొత్తిమీర, మెంతికూర రోజూ గుప్పెడు. క్యారెట్ ఎప్పుడో ఒక చిన్న ముక్క, మనకు జిలేబీలాగ.

రేకుల కిందినుంచి ఇంట్లోకి తీసుకురండి. జాలీ మీద పాదాలు పుండ్లు పడతాయి, గోనెపట్టా పరచండి. బాటిల్లో నీళ్లు గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన పెడితే ఒళ్లు ఆనించి పడుకుంటాయి.

హంటర్ రోడ్ తమ్ముడు:
సారీ అన్నా, నాకు తెల్వక చెప్పిన. మా ఊరి చెల్కలల్ల చెవులపిల్లులు 45 డిగ్రీలల్ల కూడా ఉరుకుతయి కదా అక్కా?

వడ్డేపల్లి అక్క:
అది వేరే జాతి తమ్మీ. దాని పిల్లలు పుట్టడమే బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పుడతాయి. మన పెంపుడు వాటి పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. ఆ చెవులపిల్లిని పట్టి పెంచుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు కూడా అవుతుంది.

కాజీపేట నాన్న (మూడు రోజుల తర్వాత):
అక్కా, పొద్దున ఐదింటికి చప్పుడైతే లేచాను. పత్తి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు ఉరికి, గాల్లోకి ఎగిరి నడుము మెలితిప్పి పడుతోంది. ఫిట్స్ అనుకుని హడలిపోయాను.

వడ్డేపల్లి అక్క:
అది ఫిట్స్ కాదు, సంబరం! పెంటికలు ఎన్ని?

కాజీపేట నాన్న:
పాప లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాస్తోంది. నూట పన్నెండు, శనగల సైజు.