గుడిమల్లం లింగం మీద నిలిచినది పరశురాముడా, రుద్రుడా?

స్వర్ణముఖి: తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని గుడిమల్లం పరశురామేశ్వరాలయానికి మొన్న పిల్లలను తీసుకువెళ్లాను. దర్శనం ముగించుకొని వస్తుండగా, లింగం మీద చెక్కి ఉన్న మూర్తి ‘నిజానికి’ పరశురాముడు కాదని, ఆ కథ తరువాతి కాలంలో అతికించినదని మా అబ్బాయి ఏదో వీడియో చూసి చెప్పాడు. తల్లిని వధించిన పాపం పోగొట్టుకోవడానికి పరశురాముడు ఇక్కడి శివలింగాన్ని రోజుకు ఒక్కటే పూసే పువ్వుతో అర్చించేవాడు. ఆ పువ్వుకు చిత్రసేనుడనే యక్షుడిని కాపలా పెట్టి, ప్రతిఫలంగా ప్రతిదినం ఒక వేట జంతువును, ఒక కల్లు కుండను తెచ్చి ఇచ్చేవాడు. ఒకనాడు పరశురాముడు వేటలో ఉండగా యక్షుడే ఆ పువ్వుతో స్వామిని పూజించాడు. దానితో ఇద్దరికీ పద్నాలుగేళ్లు యుద్ధం జరిగింది. చివరికి శివుడు ఇద్దరినీ తనలో కలుపుకొన్నాడు. మూర్తి కుడిచేతిలోని జంతువు, ఎడమచేతిలోని పాత్ర, భుజం మీది గొడ్డలి, కాళ్ల కింది యక్షుడు అన్నీ ఈ కథకు సరిపోతున్నప్పుడు, ‘కాదు’ అనడానికి ఆధారం ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

పాతరాయి: ఆధారం ఆ మూర్తి దేహం మీదే ఉన్నది. చెవులకు, మెడకు, చేతులకు ఆభరణాలు ఉన్నాయి కానీ యజ్ఞోపవీతం లేదు. జమదగ్ని కుమారుడిని జంధ్యం లేకుండా ఏ శిల్పి చెక్కుతాడు? సుమారు అయిదడుగుల ఈ లింగం క్రీ.పూ. 2-1 శతాబ్దాల నాటిదని ఎక్కువ మంది పండితుల అభిప్రాయం. పురావస్తు పరిశోధకుడు టి.ఏ. గోపీనాథరావు దీనిని మధ్యప్రదేశ్‌లోని ప్రాచీన బౌద్ధ స్తూపం భర్హుత్‌లోని యక్ష శిల్పాలతో పోల్చి కాలాన్ని ఊహించారు. 1973లో పురావస్తు శాస్త్రవేత్త ఐ.కె. శర్మ జరిపిన తవ్వకాలలో లింగం చుట్టూ చతురస్రంగా రాతి కంచె ఉండేదని తేలింది. అంటే ఇప్పుడు మనం చూస్తున్న గజపృష్ఠాకార (ఏనుగు వెనుకభాగంలా గుండ్రంగా ఉండే) గర్భాలయం లేని కాలంలో కూడా అక్కడ పూజ జరిగింది. అంత పాత శిల్పానికి, మనకు తెలిసిన పరశురామ కథను వెనక్కి లాగి తొడగడం చరిత్ర కాదు. అది రుద్రుని తొలి రూపాలలో ఒకటి కావచ్చు.

వేపచెట్టు: చేతిలో ఉన్నది పొట్టేలు కదా. వేటలో పొట్టేలు ఎలా దొరికింది?

స్వర్ణముఖి: పొట్టేలు సంగతి తరువాత. పాతరాయి గారూ, అక్కడి శాసనాలలో స్వామి పేరు పరశురామేశ్వరుడనే ఉన్నది. వాటిలో పాతవి తొమ్మిదవ శతాబ్దపు పల్లవుల కాలానివి. వెయ్యేళ్లకు పైగా ఒక ఊరు ఒక దేవుణ్ణి ఒక పేరుతో పిలుస్తూ ఉంటే, దానిని ‘అతికించిన కథ’ అనడం ఏ న్యాయం?

పాతరాయి: వెయ్యేళ్ల పేరే. అయితే శాసనం నాటికే లింగం వయసు దాదాపు వెయ్యేళ్లు. పైగా రామేశ్వరుడంటే రాముడు అర్చించిన ఈశ్వరుడే కానీ రాముడు కాడు. అలాగే పరశురామేశ్వరుడన్న పేరు పరశురాముడు కొలిచిన శివుడిని చెబుతుంది. లింగం మీది మూర్తి ఎవరో ఆ పేరు చెప్పదు. మీరు చూపిన ఆధారమే నా వాదనకు బలం.

శాసనప్రియ: మధ్యలో ఒక మాట. ఆ యుద్ధంలో పెద్ద గొయ్యి పడి ‘గుడిపల్లం’ అయిందని, అదే గుడిమల్లంగా మారిందని స్థలపురాణం. కానీ శాసనాలలో గుడిమల్లం అన్న పేరే కనిపించదు. ఊరిని తిరువిప్పిరంబేడు అన్నారు. విప్రుల చోటు అని దాని అర్థం.

స్వర్ణముఖి: విప్రుల చోటు అంటే పరశురాముడికి మరీ దగ్గరైంది కదా!

పాతరాయి: అలా అయితే జంధ్యం ఏదీ?

స్వర్ణముఖి: మళ్లీ జంధ్యమేనా! స్థలపురాణం ప్రకారం చిత్రసేనుడు బ్రహ్మ అంశ, పరశురాముడు విష్ణువు అంశ, లింగం శివుడు. ముగ్గురూ ఒకే రాతిలో ఉన్న రూపానికి మీరు దర్జీ కొలతలు తీస్తున్నారు.

గోపురం నీడ: గర్భగుడి నేల మిగతా ఆలయం కంటే లోతుగా ఉంటుంది. అరవై ఏళ్లకు ఒకసారి గంగ వచ్చి స్వామిని అభిషేకిస్తుందని ఊరివారి నమ్మకం. 2005లో నీరు నిజంగానే వచ్చింది. దాని గురించి ఎవరైనా మాట్లాడండి.

పాతరాయి: అది వేరే చర్చ. స్వర్ణముఖి గారూ, కొలతలను మీరు ఎగతాళి చేశారు కనుక చెబుతున్నాను. మా తాతగారి ఊరి శివాలయంలో గడప పక్కన అక్షరాలున్న రాయి ఒకటి ఉండేది. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి గీతలు దిద్దేవాణ్ణి. జీర్ణోద్ధరణ పేరుతో భక్తులే దాని మీద సిమెంటు పోసి గ్రానైటు పలకలు పరిచారు. ద్వారపాలకులకు నీలిరంగు ఎనామెలు పూశారు. ఆ రాయిని చదివించిన తరువాత పని మొదలుపెట్టండని నేను ప్రాధేయపడితే, ‘కథ మాకు తెలుసు, రాయి చెప్పేదేమిటి’ అన్నారు. మీ ప్రతి వాక్యంలో నాకు ఆ మాటే వినబడుతోంది.

స్వర్ణముఖి: అయితే నేనూ చెబుతాను. మా అమ్మమ్మ ఊరి చెరువుగట్టున చిన్న అమ్మవారి గుడి ఉండేది. పెద్దవాళ్లెవరో వచ్చి, ఆమె మీ అమ్మవారు కాదు, ఫలానా శతాబ్దపు యక్షిణి అని నిర్ధారించారు. రక్షణ కోసమని విగ్రహాన్ని తీసుకుపోయారు, తిరిగి ఇవ్వలేదు. మా అమ్మమ్మ పోయేదాకా ప్రతి శుక్రవారం ఖాళీ దిమ్మె ముందు దీపం పెట్టింది. ‘ఇది పరశురాముడు కాదు’ అని మీరు రాసినప్పుడు నాకు వినబడేది ‘ఇది మీది కాదు’ అని. జంధ్యం ఉన్నా లేకున్నా నాకు ఒకటే.

పాతరాయి: ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే నేను ఆ స్వరంతో రాసేవాణ్ణి కాదు. గుడిమల్లం రాయి రెండువేల ఏళ్లు నిలిచింది ఎవరో ఒకరు దీపం పెడుతూ వచ్చినందువల్ల కూడా కావచ్చునని ఒప్పుకుంటాను. కానీ దీపం పెట్టే చేతికే సిమెంటు తాపీ ఇవ్వవద్దంటాను.

స్వర్ణముఖి: తాపీ తీసుకోండి, దీపం మాత్రం తీసుకోవద్దు. అర్చకుడు ఉండగానే అధ్యయనం చేయలేరా? విగ్రహం అక్కడే ఉండి, పూజ జరుగుతూ, పక్కన పలక మీద స్థలపురాణం ఒక వైపు, మీ రుద్రుడు మరో వైపు రాస్తే నాకు అభ్యంతరం లేదు. స్థలపురాణమే ముందు ఉండాలి.

పాతరాయి: ముందు వెనుకల గురించి నేను ఒప్పుకోలేను. చదివేవారికి ముందుగా రాయి కాలం తెలియాలి.

శాసనప్రియ: పాతరాయి గారూ, మీ తాతగారి ఊరి రాయి పోయిందా, లేక పలకల కింద ఉందా?

పాతరాయి: కిందే ఉంది. మూడంగుళాల లోతులో. ప్రతి సంక్రాంతికి దాని మీద నుంచే నడిచి లోపలికి వెళ్తున్నాను.

స్వర్ణముఖి: మరొకసారి అడగండి. ఈసారి చరిత్ర కోసమని కాకుండా, స్వామివారికి ఎవరో ఇచ్చిన దానపత్రమేమో చూద్దామని అడగండి. పలక లేపుతారు.

వేపచెట్టు: నా పొట్టేలు ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు.