రేపు 21 డిగ్రీలు, ఎల్లుండి స్నో: ఈ ఫోర్‌కాస్ట్‌ని ఎలా చదవాలి?

వెచ్చనిమబ్బు:
ఆకురాలే కాలం సగం దాటినా పగలు ఇంకా ఎండ దంచుతోంది. ఈ వారం ఫోర్‌కాస్ట్ మాత్రం ఇలా ఉంది.

బుధవారం: గరిష్ఠం 21, కనిష్ఠం 9.
గురువారం: గరిష్ఠం 14, కనిష్ఠం 1. వాన, సాయంత్రానికి స్నోగా మారొచ్చు. ఈదురుగాలి గంటకు 60 కి.మీ.
శుక్రవారం: గరిష్ఠం 5, కనిష్ఠం మైనస్ 3. ఎండ.

గురువారం 14 అంటున్నారు కదా, పల్చటి జాకెట్ సరిపోతుందా? ఒక యాప్ 1 సెం.మీ. స్నో అంటే ఇంకోటి 6 అంటోంది, ఏది నమ్మాలి? కుండీలు, బయటి కుళాయి, కారు సంగతి ఏ రాత్రిలోపు చూసుకోవాలి?

పాదరసం:
ముందు ఆ 14 సంగతి. అది మధ్యాహ్నం నమోదయ్యేది కాకపోవచ్చు. మీరు పెట్టిన అంకెలు చూస్తే గురువారం కోల్డ్ ఫ్రంట్, అంటే వెచ్చటి గాలిని నెట్టుకుంటూ వచ్చే చల్లగాలి అంచు, దాటుతున్నట్టుంది. అలాంటి రోజున గరిష్ఠం అర్ధరాత్రి దాటగానే, లేదా తెల్లవారేలోపే వచ్చేసి, అక్కడి నుంచి పగలంతా పడుతూనే ఉంటుంది. పొద్దున బయల్దేరేటప్పుడు 12, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు 3 ఉండొచ్చు. బట్టలు సాయంత్రాన్ని బట్టి వేసుకోండి.

రోజువారీ బొమ్మలు వదిలేసి గంటల పట్టిక తెరవండి. ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, గాలి దిక్కు, పీడనం, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత; గాలి ఎంత పొడిగా ఉంటే అంత తక్కువ) కూడా పక్కపక్కన పెట్టి చూడాలి. ఉత్తరార్ధగోళంలో అయితే ఫ్రంట్ ముందు గాలి దక్షిణం నుంచో నైరుతి నుంచో వీస్తుంది, పీడనం తగ్గుతూ వస్తుంది. బుధవారం అంత వెచ్చగా ఉండడానికి కారణం ఆ దక్షిణపు గాలే. ఫ్రంట్ దాటగానే గాలి వాయవ్యానికి తిరుగుతుంది, పీడనం పెరగడం మొదలవుతుంది, డ్యూ పాయింట్ జారిపోతుంది. ఈ మూడూ ఒకే గంటలో మారుతున్నాయంటే ఫ్రంట్ దాటే సమయం అదే.

ఆ గంట మూడు నాలుగు గంటలు ముందుకో వెనక్కో జరగడం మామూలే. చాలా యాప్‌లు వాడే అమెరికా వాతావరణ శాఖ కంప్యూటర్ మోడల్ జీఎఫ్ఎస్ రోజుకు నాలుగుసార్లు కొత్తగా నడుస్తుంది: 00, 06, 12, 18 యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయం). ఒక్క రన్ చూసి నిర్ణయించుకోవద్దు. వరుసగా మూడు రన్‌లలో ఫ్రంట్ ఒకే దిశగా జరుగుతోందా లేక అటూ ఇటూ ఊగుతోందా చూడండి. ఊగుతుంటే బుధవారం రాత్రి మళ్లీ చూడక తప్పదు.

తడిబల్బు:
స్నో గురించి నేను చెప్తాను. ఉష్ణోగ్రత 2 ఉంటే వాన, 0 ఉంటే స్నో అని లెక్క వేస్తే బోల్తా పడతారు. చూడాల్సింది వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే నీరు ఆవిరవుతూ గాలిని ఎంతదాకా చల్లబరచగలదో ఆ అంకె. గాలి పొడిగా ఉంటే పడే చినుకులు కొంత ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలినే చల్లబరుస్తాయి. ఉష్ణోగ్రత 4, డ్యూ పాయింట్ మైనస్ 4 అయితే వెట్ బల్బ్ 1 దగ్గరికి వచ్చేస్తుంది, కాబట్టి వాన స్నోగా మారే వీలుంది. అదే 4 డిగ్రీల దగ్గర డ్యూ పాయింట్ 3 ఉంటే వెట్ బల్బ్ మూడున్నర. కిందకి వచ్చేది వానే. పైన, సుమారు 1500 మీటర్ల ఎత్తులో, అంటే పీడనం 850 హెక్టోపాస్కల్ ఉండే మట్టం దగ్గర, సున్నా కంటే తక్కువ ఉందో లేదో కూడా చూసుకోవాలి. పైన వెచ్చటి పొర ఉండి నేల దగ్గర మాత్రమే సున్నా కిందకి పోతే పడేది ఫ్రీజింగ్ రెయిన్, అంటే తాకిన చోటే గడ్డకట్టే వాన. దానికంటే స్నోయే నయం.

ఇక 1, 6 గొడవ. చాలా యాప్‌లు నీటి లెక్కని గుడ్డిగా పదితో హెచ్చవేస్తాయి: 6 మి.మీ. నీరు అంటే 6 సెం.మీ. స్నో. సీజన్ మొదట్లో పడేది తడి స్నో, నిష్పత్తి 5 నుంచి 7 దాటడం కష్టం. పైగా ఆ 6 మి.మీ.లో ఎంత భాగం ముందే వానగా పడిపోయిందో తీసేయాలి. మొన్నటిదాకా ఎండకి కాగిన నేల మొదట పడినదాన్ని కరిగించేస్తుంది కూడా. నా అంచనా అయితే గడ్డి మీద, కార్ల పైన 2 సెం.మీ. లోపు, రోడ్ల మీద తడి మాత్రమే. వంతెనలు వేరు. వాటికి కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది, నేల వేడి అందదు. జారేది ముందు అక్కడే.

వెచ్చనిమబ్బు:
గురువారం రాత్రికి ఫీల్స్ లైక్ మైనస్ 6 చూపిస్తోంది. మరి ఆ రాత్రికే పైపులు గడ్డకట్టవా?

నేలచలి:
కట్టవు. అది మీ ఒంటికి సంబంధించిన లెక్క. గాలి 0 డిగ్రీలుండి గంటకు 30 కి.మీ. వీస్తుంటే చర్మం వేడి కోల్పోయే వేగాన్ని బట్టి మైనస్ 6 అంటారు. పైపు, రేడియేటర్ వేగంగా చల్లబడతాయి గానీ గాలి ఉష్ణోగ్రతకంటే కిందకి ఆ గాలి వాటిని దించలేదు. గాలి 0 దగ్గరే ఆగితే అవీ అక్కడే ఆగుతాయి.

అసలు చూసుకోవాల్సింది రెండో రాత్రి. చాలామంది ఫ్రంట్ వచ్చిన రాత్రి హడావిడి చేసి, మర్నాడు ఎండ రాగానే కుండీల మీద దుప్పటి తీసేస్తారు. గురువారం రాత్రి ఈదురుగాలి పై గాలినీ కింది గాలినీ కలుపుతూ ఉంటుంది, మబ్బు కూడా ఉంటుంది, అందుకే 1 దగ్గర ఆగుతుంది. శుక్రవారం అధిక పీడనం వచ్చి కూర్చుంటే ఆకాశం తేటపడుతుంది, గాలి పడిపోతుంది, నేల వేడి నేరుగా పైకి పోతుంది. మీ మైనస్ 3 అదే అయి ఉండాలి. అయితే ఒకటి సరిచూసుకోండి. కొన్ని యాప్‌లు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా రోజు లెక్కేస్తాయి, వాతావరణ శాఖలు ఎక్కువగా పగలు, ఆ వెంటనే వచ్చే రాత్రి అని ఇస్తాయి. మైనస్ 3 శుక్రవారం తెల్లవారుజాముదా, శనివారం తెల్లవారుజాముదా అన్నది గంటల పట్టికే చెప్పాలి.

ఇంకోటి, ఫోర్‌కాస్ట్ చెప్పేది నేలకి సుమారు 2 మీటర్ల ఎత్తున ఉండే గాలి సంగతి. నిశ్చలమైన రాత్రి అక్కడ 3 ఉన్నా గడ్డి మీద సున్నా తగిలి తెల్లటి పొర కట్టేస్తుంది. పల్లపు ప్రాంతమైతే చల్లగాలి జారి అక్కడే నిలుస్తుంది, నేలని 9 నుంచి 13 కి.మీ. గడులుగా విడగొట్టి లెక్కించే ప్రపంచ మోడళ్లకి చిన్న లోయ కనబడనే కనబడదు. అలాంటి చోట చెప్పినదానికంటే రెండు మూడు డిగ్రీలు తక్కువే అనుకుని ఏర్పాటు చేసుకోండి.

కుళాయికి: ముందు హోస్ పైపు ఊడదీయండి. ఫ్రాస్ట్ ప్రూఫ్ (గడ్డకట్టకుండా తయారుచేసిన) కుళాయి అని ధీమాగా ఉండొద్దు. హోస్ తగిలించి ఉంటే లోపలి గొట్టంలో నీరు దిగిపోకుండా నిలిచిపోతుంది, గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతుంది, గొట్టం ఇంటి గోడ లోపలే పగులుతుంది. ఆ పగులు అప్పుడు తెలియదు, మళ్లీ కుళాయి తిప్పిన రోజున గోడ లోపల కారుతుంది. మామూలు కుళాయి అయితే ఇంట్లో ఉన్న వాల్వ్ కట్టేసి, బయటి కుళాయి తెరిచి నీరంతా పోనిచ్చి, అలాగే తెరిచి వదిలేయండి.

కుండీలకి శుక్రవారం మధ్యాహ్నమే నీళ్లు పెట్టండి, తడి మట్టి వేడిని ఎక్కువగా నిలుపుకుంటుంది. కప్పేది గుడ్డ అయి, అంచులు నేలని తాకాలి. ప్లాస్టిక్ ఆకులకి ఆనితే ఆనిన చోటల్లా మాడుతుంది.

పాదరసం:
కారు మిగిలిపోయింది. బుధవారం మధ్యాహ్నం 21 డిగ్రీల దగ్గర టైరులో 33 పీఎస్ఐ ఉంటే, మైనస్ 3 దగ్గర అది 29కి వస్తుంది. పంక్చర్ కాదు, కంగారుపడొద్దు. గాలి మాత్రం బండి నడపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిచి నింపాలి. అద్దం కడిగే నీళ్లు వేసవివైతే బుధవారమే శీతాకాలపు ద్రవం పోసి, వైపర్ నీళ్లు చిమ్మే మీట కాసేపు నొక్కి పట్టుకోండి. ట్యాంకు మారినా గొట్టాల్లో పాత నీరే ఉంటుంది, ముందు గడ్డకట్టేది అదే.