పాత హెచ్‌ఎంటీ వాచీ 35 ఎం.ఎం. అయితే చేతికి చిన్నగా ఉంటుందా? దయచేసి ఎవరైనా తేల్చండి

రాంనగర్ కుర్రాడు:
అన్నలూ, సాయంత్రం నుంచి ఇదే పని మీద కూర్చున్నా, తల పగిలిపోతోంది. హెచ్‌ఎంటీ వాళ్ల జనతా అనే మోడల్, తెల్ల డయల్‌ది కొందామనుకుంటున్నా. అమ్మేవాళ్లలో ఒకాయన 35 ఎం.ఎం. అంటాడు, అచ్చం అలాంటి వాచీకే ఇంకొకాయన 38 అని రాశాడు. నేనేమో రోజూ 42 పెట్టుకుంటా. కొన్నాక వాపసు లేదట. సరిపోతుందా లేదా, అంతే చెప్పండి చాలు.

చిక్కడపల్లి:
మణికట్టు కొలత?

అల్వాల్ మాస్టారు:
బాబూ, సైజు తర్వాత, ముందు డయల్ చూడు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మే పాత హెచ్‌ఎంటీల్లో చాలావాటికి కొత్తగా రంగు వేసి అక్షరాలు మళ్లీ అచ్చు కొట్టినవే వస్తున్నాయి. కేసేమో, అంటే వాచీ బయటి లోహపు డబ్బా, గీతలు పడి ఉంటుంది, డయల్ మాత్రం నిన్న తయారైనట్టు మెరుస్తుంది, అక్కడే అనుమానించాలి. 1961లో జపాన్ వాచీ కంపెనీ సిటిజన్ వాళ్ల సహకారంతో బెంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి దేశం మొత్తానికి వాచీ అలవాటు చేసిన కంపెనీ అది, అలాంటి వాచీకి ఇలా రంగులు పూసి అమ్ముతుంటే నాకు కడుపు మండుతుంది. వెనక మూత తీయించి మెషీన్ ఫొటో అడుగు. ఇవ్వనంటే వదిలెయ్.

రాంనగర్ కుర్రాడు:
మాస్టారూ, డయల్ సంగతి చూస్తానండి, కానీ నా టెన్షన్ సైజు గురించే.

ఎల్బీనగర్:
చిన్నదే. 40 లోపు నేనైతే ముట్టను.

మెహదీపట్నం భయ్యా:
ఆయనకు నచ్చకపోతే అది ఆయన ఇష్టం, కానీ చిన్నది అని తీర్పు ఇచ్చేస్తే ఎలా? 1950లు, 60లలో మగవాళ్ల వాచీలు ఎక్కువగా 33 నుంచి 36 మధ్యే ఉండేవి. రోలెక్స్ డేట్‌జస్ట్ 1945లో వచ్చింది 36తోనే. పెద్ద వాచీల మోజు తర్వాత వచ్చింది.

తమ్ముడూ, 35కీ 38కీ తేడా ఎక్కడంటే, రెండో ఆయన కీ బుడిపెతో కలిపి కొలిచి ఉంటాడు. కేసు సైజు అంటే కీ లేకుండా అడ్డంగా కొలిచేది.

ఎల్బీనగర్:
కీ కూడా చేతి మీదే ఉంటుందిగా, కలిపితే తప్పేంటి? అమ్మేవాళ్లు చాలామంది అలాగే రాస్తారు.

మెహదీపట్నం భయ్యా:
రాస్తారు, అందుకే కొనేవాళ్లు ఇలా తికమక పడేది. ఎలా కొలిచారో రాయనప్పుడు ఆ అంకెతో ఒరిగేదేమీ లేదు. అసలు చేతికి కూర్చోవడానికి ముఖ్యం పైకొమ్ము నుంచి కిందికొమ్ముకి, అంటే బెల్టు తగిలించే కొమ్ముల మధ్య, ఉన్న పొడవు. అది నీ మణికట్టు పైన చదునుగా ఉన్న భాగం దాటి బయటికి వేలాడకూడదు. ఇంకోటి, జనతాలో డయల్ చుట్టూ అంచు సన్నం, డయల్ తెలుపు, కాబట్టి ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. వాళ్లదే ఇంకో మోడల్, నల్ల డయల్ పైలట్ కేసు కూడా దాదాపు అంతే, చూడ్డానికి మాత్రం ఇంకాస్త చిన్నగా అనిపిస్తుంది. నా దగ్గర రెండూ ఉన్నాయి, పెళ్లిళ్లకు జనతానే పెట్టుకుంటా, ఫుల్ చేతుల చొక్కా కింద చక్కగా దూరిపోతుంది.

చిక్కడపల్లి:
మణికట్టు కొలత చెప్పలేదు. ఆ 42 ఏ వాచీ?

రాంనగర్ కుర్రాడు:
ఆరున్నర అంగుళాలన్నా, దారం చుట్టి కొలిచా. 42 అంటే ఆపిల్ వాచ్, సిరీస్ 3.

చిక్కడపల్లి:
అందులో 42 నిలువు ఎత్తు. అడ్డం 36 పైచిలుకు. ఇంచుమించు జనతా వెడల్పే.

మెహదీపట్నం భయ్యా:
అదీ సంగతి! ఇది ముందే చెప్పుంటే ఇంత చర్చే అక్కర్లేదు. నాలుగు పలకల స్క్రీన్ కాబట్టి మూలలు కూడా నిండి పెద్దగా కనిపిస్తుంది, గుండ్రటిది మొదటి కొన్ని రోజులు బోసిగా అనిపిస్తుంది, తర్వాత కంటికి అలవాటైపోతుంది. ఆరున్నర చేతికి 35 హాయిగా కూర్చుంటుంది. నమ్మకం లేకపోతే కోఠి, ఆబిడ్స్ వైపు పాత వాచీలు బాగుచేసేవాళ్ల దగ్గరికెళ్లి ఆ కాలపు కీ ఇచ్చే వాచీ ఏదైనా ఒకటి చేతికి పెట్టుకుని చూడు. బెల్టు మాత్రం పల్చటిది వేయించు, లావు బెల్టు వేస్తే కేసు అందులో మునిగిపోతుంది.

అల్వాల్ మాస్టారు:
బాగుచేసేవాళ్ల దగ్గరికి ఎలాగూ వెళ్తావు కాబట్టి మెషీన్ ఎప్పుడు శుభ్రం చేసి నూనె వేశారో కూడా అడుగు. నూనె ఎండిపోయిన మెషీన్‌ని అలాగే నడిపిస్తే లోపలి భాగాలు అరిగిపోతాయి. చేయి కడుక్కునేటప్పుడు తీసి పక్కన పెట్టు, వీటికి నీళ్లు పడవు.

ఎల్బీనగర్:
36 అయినా 35 అయినా నాకు చిన్నదే.

మెహదీపట్నం భయ్యా:
మీ మణికట్టు ఎంతండీ?

ఎల్బీనగర్:
ఏడుంపావు.

మెహదీపట్నం భయ్యా:
మరి ఆయన చేయి వేరు, మీ చేయి వేరు కదండీ. మీకు 38 నప్పుతుంది, సీకో కంపెనీ పాత వాచీల్లో చూడండి.

రాంనగర్ కుర్రాడు:
సరే, ఆదివారం ఆబిడ్స్ వెళ్తా. థాంక్స్ అన్నా.

సైదాబాద్:
ఆ నల్ల డయల్ పైలట్ రంగు వేయనిది ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?