'ఫీండ్' అంటే రాక్షసుడేనా?

పాతపుస్తకం: మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్'ని తెలుగు చేస్తుంటే ఒక వాక్యం రెండు రోజులుగా బుర్ర తినేస్తోంది. మంచుకొండ మీద ఆ జీవి తనను చేసినవాడితో అంటాడు కదా, "నేను మంచివాణ్ణే, దుఃఖం నన్ను... చేసింది" అని. ఇంగ్లీషులో అక్కడున్నది మాన్‌స్టరా, ఫీండా (fiend)? 'రాక్షసుణ్ణి చేసింది' అని రాసుకున్నాను గానీ చెవికి ఆనడం లేదు.

ఓరుగల్లు పంతులు: ఫీండే. 1831 ప్రతిలో పదో అధ్యాయం. రాక్షసుడు మాత్రం వద్దండీ. మన రాక్షసుడికి వంశం ఉంది, బలగం ఉంది, లంకంత ఇల్లుంది. పాపం ఇతనికి పేరు కూడా లేదు.

గోదారిగట్టు: పైగా ఆ మాటలో ఉన్నదే 'రక్ష'. ఉత్తరకాండలో 'రక్షామ' అన్నవాళ్లు రాక్షసులయ్యారు, 'యక్షామ' అన్నవాళ్లు యక్షులయ్యారు. ఒక్క అక్షరమే తేడా!

నిఘంటుపురుగు: అది కథ కోసం కట్టిన వ్యుత్పత్తిలా ఉంది. ఫీండ్ సంగతి చూడండి. పాత ఇంగ్లీషులో దానికి శత్రువు, ద్వేషించేవాడు అని అర్థం. పాత ఇంగ్లీషు వీరగాథ 'బేవుల్ఫ్'లో, బేవుల్ఫ్ అనే వీరుడి చేతిలో చచ్చే గ్రెండెల్‌నీ ఆ మాటతోనే పిలిచారు. కాబట్టి 'దుఃఖం నన్ను పగవాణ్ణి చేసింది'.

ఓరుగల్లు పంతులు: పొలం గట్టు తగాదాలా ఉంది. అయినా ముందు ద్వేషించింది అతను కాదు కదా. నీళ్లలో కొట్టుకుపోతున్న పిల్లను కాపాడితే తుపాకీతో కాల్చారు. మర్యాదగా మాట్లాడింది చూపు లేని ముసలాయన ఒక్కడే.

నిఘంటుపురుగు: 'బేవుల్ఫ్'లోనే ఇంకో మాట ఉంది, 'ఆగ్లేకా'. గ్రెండెల్‌కి వాడితే నిఘంటువు 'రాక్షసుడు' అంటుంది, బేవుల్ఫ్‌కి వాడితే 'వీరుడు' అంటుంది. కవి వాడింది ఒకే మాట! 1971లో జాన్ గార్డ్‌నర్ తన నవలలో ఈ కథంతా గ్రెండెల్ చేతే చెప్పించాడు. 2018లో మరియా దహ్వానా హెడ్లీ తన నవలలో గ్రెండెల్ తల్లిని యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికురాలిగా మార్చి, ఓ గేటెడ్ కాలనీ పక్కన కొండలో దాచింది. ఆ గేటు ఎవరి కోసమో మళ్లీ చెప్పాలా?

గోదారిగట్టు: నా ఓటు 'భూతం'. భూ ధాతువు, 'అయినది' అని అర్థం. దుఃఖం వల్ల అలా అయినవాడు. ఇంతకంటే ఏం కావాలి?

పాతపుస్తకం: ధాతువు ఎవరికి తడుతుందండీ? సీసాలోంచి పొగలా వచ్చేవాడే గుర్తొస్తాడు.

ఓరుగల్లు పంతులు: 1823లో ఈ కథను నాటకం వేసినప్పుడు ప్రకటనలో ఆ పాత్ర పేరు దగ్గర ఒట్టి గీత పెట్టారు. షెల్లీకి అది నచ్చింది కూడా. మీరూ ఓ గీత గీసేయండి.

గోదారిగట్టు: వేళాకోళం సరే. రాక్షసుల్ని అంత తేలిగ్గా తీసేయకండి. 'మందార మకరంద' పద్యాన్ని పోతన ఏ దేవత నోటా పెట్టలేదు, ఓ రాక్షస కుర్రాడి నోట పెట్టాడు.

నిఘంటుపురుగు: ప్రహ్లాదుడు దైత్యుడండీ. దితి మనవడు. రాక్షసుడు కాదు.

గోదారిగట్టు: తెలుసు మహాప్రభో. బడిలో పిల్లలకి ఎలా చెప్తారో అలా అన్నాను.

పాతపుస్తకం: పద్యం ఎలాగూ వచ్చింది కాబట్టి అడుగుతున్నా, 'మధుపంబు వోవునే మదనములకు'లో మదనం అంటే ఉమ్మెత్తేనా?

ఓరుగల్లు పంతులు: ఉమ్మెత్తే. కానీ మా పెరట్లో ఉమ్మెత్త మీద తుమ్మెదలు రోజూ వాలుతున్నాయి. పోతన గారికి ఎవరు చెప్పాలి?