సిజేరియన్ తర్వాత కూర్చుంటే తలనొప్పి: బ్లడ్ ప్యాచ్‌కి పంపాలా?

ప్రశ్న (వార్డు సిస్టర్):
సిజేరియన్‌కి నడుములో మత్తు ఇచ్చారు, 25 నంబరు క్విన్‌కీ సూది. రెండో రోజు నుంచి లేచి కూర్చుంటే నుదురు, మెడ వెనక విపరీతమైన నొప్పి. పడుకుంటే పది నిమిషాల్లో తేలిక. ఇవాళ నాలుగో రోజు. బీపీ మామూలే, జ్వరం లేదు. పారాసిటమాల్, కాఫీ నడుస్తున్నాయి. పాలిచ్చేంతసేపు కూడా కూర్చోలేకపోతోంది.

జవాబు (మత్తు డాక్టరు):
కూర్చుని పాలివ్వలేకపోతే ఇక ఆగక్కర్లేదు, ప్యాచ్ చేయించండి, అంటే ఆమె రక్తమే కొంత తీసి నడుములో ఎక్కించి, మత్తు సూది పడ్డ చిల్లును మూయడం. మెదడు, వెన్ను చుట్టూ ఉండే నీరు మొత్తం 150 మి.లీ. వరకే. సూది చిల్లులోంచి కారిపోతుంటే, నిలబడగానే మెదడు కిందికి జారి పొరలను లాగుతుంది. క్విన్‌కీ మొన పొరను కోస్తుంది. పెన్సిల్ మొన సూదితో ఈ గొడవ బాగా తక్కువ.

ముందు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) ఎన్నున్నాయో, హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఇంజెక్షన్ ఎప్పుడిచ్చారో చూడండి. జ్వరం ఉంటే ప్యాచ్ వద్దు. పనికి ఇద్దరు కావాలి: ఒకరు ఎపిడ్యూరల్ సూదిని సరైన చోటికి, అంటే వెన్ను పొరకి బయటి సందులోకి చేర్చాకే, రెండోవారు స్టెరైల్‌గా చేతి సిర నుంచి 20 మి.లీ. రక్తం తీయాలి. ముందే తీసి పెడితే సిరంజిలోనే గడ్డకడుతుంది. నిదానంగా ఎక్కిస్తూ, నడుము బిగిసి నొప్పి అంటే అక్కడే ఆపేయాలి, 20 పూర్తవ్వాలని పట్టుపట్టొద్దు. తర్వాత గంట, రెండు గంటలు వెల్లకిలా. కొన్ని రోజులు బరువులెత్తకూడదు, మలబద్ధకం రానివ్వకూడదు.

జవాబు (న్యూరో డాక్టరు):
ఒకటి కలుపుతాను. పడుకున్నా నొప్పి తగ్గడం మానేసిందంటే ప్యాచ్ సంగతి పక్కనపెట్టి స్కాన్ తీయించండి. జారిన మెదడు చిన్న సిరలను తెంపితే మెదడు పై పొర కింద రక్తం (సబ్‌డ్యూరల్) చేరుతుంది. బాలింతల్లో మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎలాగూ ఎక్కువ, కాబట్టి ఎంఆర్ వీనోగ్రామ్ (మెదడు సిరల ఎంఆర్ఐ స్కాన్) కూడా. మగత, ఫిట్స్ వస్తే క్షణం ఆగొద్దు. పక్కకు చూస్తే రెండుగా కనిపించడం కంటిని పక్కకు తిప్పే ఆరో కపాల నరం దెబ్బ. అది ప్యాచ్ తర్వాత కూడా వారాల తరబడి ఉండొచ్చు. మెదడు నీటి ప్రెషర్ కొలవడానికని మళ్లీ నడుములో సూది మాత్రం గుచ్చకండి, ఇంకో చిల్లు పడుతుంది.

ప్రశ్న (వార్డు సిస్టర్):
పచ్చి బాలింతని ఇంట్లోవాళ్లు నీళ్లు తాగనివ్వట్లేదు. తలగడ కూడా తీసేశారు.

జవాబు (మత్తు డాక్టరు):
దాహానికి సరిపడా తాగనివ్వండి. అలాగని లీటర్లకు లీటర్లు తాగితే చిల్లు పూడదు. తలగడతో ఏ ఇబ్బందీ లేదు. కెఫీన్ రోజుకి 200 మి.గ్రా. దాటనివ్వకండి, పాల ద్వారా బిడ్డకు నిద్ర పట్టదు. ప్యాచ్ అయ్యాక నొప్పి తిరగబడి, పడుకుంటేనే ఎక్కువైతే, అది మెదడు నీటి ప్రెషర్ పెరిగిన లెక్క. రెండో ప్యాచ్ అడగకుండా మాకు ఫోన్ చేయండి.