అమెజాన్ నది దగ్గరయ్యేకొద్దీ సముద్రపు ఉప్పుదనం కొలవాలి, పైనీళ్లు పట్టేదెలా?

తిరుపతి నుంచి డిగ్రీ పిల్లలతో చదువుల ఓడయాత్రకు వెళ్తున్నాం, కరీబియన్ దీవి బార్బడోస్ నుంచి అమెజాన్ నది వైపు. సముద్రంలో లీటరుకు 35 గ్రాములుండే ఉప్పు దారిలో ఎలా తగ్గుతుందో పిల్లలే కొలవాలని మా పట్టుదల. ఓడ ఊగుతుంటే హైడ్రోమీటర్ (నీళ్లలో తేలుతూ వాటి సాంద్రత చూపే గొట్టం) నిలవదు. అందుకే రిఫ్రాక్టోమీటర్ (నీళ్లలో వెలుగు వంగే తీరును బట్టి ఉప్పు చూపే చేతి పరికరం): డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకు సరిచేసి, గాజు మీద రెండు మూడు చుక్కలేసి, నీడలో అర నిమిషం ఆగి చూడాలి.

చిక్కల్లా నీళ్లతోనే. నదినీళ్లు తేలిక, ఉప్పునీటి మీద పొరగా పరుచుకుంటాయి. ఇంజన్ గది పైపు కొన్ని మీటర్ల లోతు నుంచి తోడుతుంది, అక్కడ ఉప్పు ఎక్కువే చూపిస్తుంది. పోతున్న ఓడ నుంచి బకెట్ వేస్తే తాడు మనిషినే లాగేస్తుంది, పిల్లల చేత ఆ పని చేయించలేం.

ఓడ ఆగినప్పుడే పట్టాలా? నడుస్తుండగా పట్టే పద్ధతి ఉంటే, ఎంత తాడు, ఎలాంటి డబ్బా, ఓడలో ఎవరి అనుమతి కావాలో దయచేసి చెప్పండి.